పైథాన్ 3.12కు మారేముందు పాత కోడ్‌ను సరిచూసుకోవడం ఎలా?

ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.12 వెర్షన్ 2023 అక్టోబరు 2న విడుదలైంది. ఆ తర్వాత 3.13, 3.14 కూడా వచ్చినా, 3.11లోనో అంతకంటే పాత వెర్షన్‌లోనో ఉండిపోయిన ప్రాజెక్టులకు ముందుగా అడ్డుతగిలేది 3.12లోని మార్పులే. కొత్త వెర్షన్ అనగానే ఏమేమి చేరాయో చూడటం అందరికీ అలవాటు. ఈ విడుదల విషయంలో మాత్రం ఏమేమి తీసేశారో ముందు చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే చోటును) కదిలించకుండా, 3.12తో పక్కనే మరొకటి తయారుచేసుకొని, ప్రాజెక్టుకు కావలసిన ప్యాకేజీలను అందులో ఇన్‌స్టాల్ చేయాలి. చాలామందికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది: ప్యాకేజీలను తయారుచేసి ఇన్‌స్టాల్ చేయడానికి వాడే డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదని ఎర్రర్ వస్తుంది. ఇక మీదట వాడవద్దని 3.10లోనే హెచ్చరించిన ఆ మాడ్యూల్‌ను 3.12లో పూర్తిగా తొలగించారు. దానికితోడు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసినప్పుడు ఇదివరకటిలా సెటప్‌టూల్స్ అనే ప్యాకేజింగ్ లైబ్రరీ దానంతట అది రాదు. దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేస్తే, తనతోపాటు డిస్ట్‌యుటిల్స్ నకలును కూడా తెస్తుంది కనుక ఎర్రర్ పోతుంది గానీ, అప్పటికి గండం గడిచినట్టే తప్ప సమస్య తీరినట్టు కాదు. వెర్షన్ నంబర్లు పోల్చడానికి మీ కోడే ఆ మాడ్యూల్‌ను వాడుతుంటే, ఆ పనిని ప్యాకేజింగ్ అనే లైబ్రరీకి అప్పగించడం మేలు. ఇంప్, ఎసింకోర్, ఎసింక్‌చాట్ మాడ్యూళ్లు కూడా పోయాయి. టెస్టులు రాసే యూనిట్‌టెస్ట్ మాడ్యూల్‌లో చివర ‘ఎస్’ ఉన్న అసర్ట్‌ఈక్వల్స్ అనే పాత పేరు ఇక పనిచేయదు. ఆ ఒక్క అక్షరం తీసేస్తే చాలు.

అసలు జాగ్రత్త పడవలసింది బ్యాక్‌స్లాష్ దగ్గర. టెక్స్ట్‌లో నమూనాలను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అంకెలను పట్టుకోవడానికి బ్యాక్‌స్లాష్ పక్కన ‘డి’ రాస్తాం. బ్యాక్‌స్లాష్‌ను ఉన్నదున్నట్టు తీసుకోమని చెప్పే ‘ఆర్’ అక్షరాన్ని ఆ స్ట్రింగ్ ముందు పెట్టడం మరిచినా పైథాన్ ఇన్నాళ్లూ సర్దుకుపోయేది, 3.6 నుంచి డెప్రికేషన్ వార్నింగ్ (ఇక మీదట వాడవద్దనే హెచ్చరిక) ఉన్నా, అది మామూలుగా కంటపడేది కాదు. 3.12లో అదే సింటాక్స్ వార్నింగ్‌గా మారి తెర మీదికి వచ్చింది. చిక్కేమిటంటే, ఈ వార్నింగ్ ఫైలు కంపైల్ అయ్యేటప్పుడు మాత్రమే వస్తుంది. ఒకసారి కంపైలైన మాడ్యూల్‌ను పైథాన్ కాష్ నుంచి తీసుకుంటుంది కాబట్టి, రెండోసారి నడిపినప్పుడు ఏమీ కనపడక, అంతా బాగైపోయిందని పొరబడతాం. అందుకే కంపైల్‌ఆల్ మాడ్యూల్‌ను ‘ఎఫ్’ ఆప్షన్‌తో నడిపి ప్రాజెక్టు మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేయించాలి. పైథాన్‌కు పెద్ద ‘డబ్ల్యూ’ ఆప్షన్‌లో ఎర్రర్ అనే విలువ ఇస్తే, ప్రతి వార్నింగూ ఎర్రర్‌గా మారి, ఏ ఫైల్లో ఏ లైన్లో ఉందో తెలుస్తుంది. ఒక్కో ఫైల్లో మొదటిది దొరకగానే ఆగిపోతుంది కనుక, సరిచేసిన ప్రతిసారీ తిరిగి నడపాలి.

అలాగని వార్నింగ్ వచ్చిన చోటల్లా గుడ్డిగా ‘ఆర్’ తగిలించకూడదు. విండోస్‌లో సి డ్రైవ్‌లోని డేటా ఫోల్డర్, అందులోని న్యూ ఫోల్డర్ పాత్‌ను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో మామూలు స్ట్రింగ్‌గా రాశారనుకోండి. డేటా ముందున్న బ్యాక్‌స్లాష్‌కు వార్నింగ్ వస్తుంది. న్యూ ముందున్నది ‘ఎన్’తో కలిసి చడీచప్పుడు లేకుండా కొత్త లైన్‌గా మారిపోతుంది. అక్కడ ‘ఆర్’ పెడితే రెండూ కుదురుకుంటాయి. అదే, ఒక సందేశంలో లైన్ మార్చడానికి కావాలనే బ్యాక్‌స్లాష్, ‘ఎన్’ వాడి ఉంటే, ‘ఆర్’ పెట్టగానే లైన్ మారడం మానేసి ఆ రెండు గుర్తులూ యథాతథంగా ప్రింట్ అవుతాయి. అలాంటి చోట తప్పుగా ఉన్న బ్యాక్‌స్లాష్‌ను మాత్రమే రెండుసార్లు రాయాలి.

డేట్‌టైమ్‌లో ప్రస్తుత సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇచ్చే యూటీసీనౌను 3.12 తీసేయలేదు, వాడవద్దంటోంది అంతే. దాని బదులు నౌ అనే మెథడ్‌కు యూటీసీని టైమ్‌జోన్‌గా ఇవ్వాలి. పాతది టైమ్‌జోన్ లేని విలువనిస్తే, కొత్తది టైమ్‌జోన్‌తో కూడిన విలువనిస్తుంది. ఈ రెండింటిలో ఏది ముందో పోల్చబోతే టైప్ ఎర్రర్ వస్తుంది. ఐసోఫార్మాట్‌తో స్ట్రింగ్‌గా మారిస్తే చివర +00:00 చేరుతుంది. కాబట్టి ఒకచోట మార్చి మరోచోట వదిలేయడం కంటే, తీరిక దొరికేదాకా వార్నింగ్‌ను భరించి, ఆ తర్వాత అన్నిచోట్లా ఒకేసారి మార్చడం నయం.

ఇక కొత్తగా చేరినవాటిలో రోజూ పనికొచ్చేది, విలువలను స్ట్రింగ్ లోపలే కర్లీ బ్రాకెట్లలో రాసుకునే ఎఫ్-స్ట్రింగ్‌లకు వచ్చిన స్వేచ్ఛ. బయట డబుల్ కోట్స్ ఉన్నా, లోపల డిక్షనరీ కీ చుట్టూ అవే కోట్స్ వాడుకోవచ్చు. ఆ బ్రాకెట్ల లోపల బ్యాక్‌స్లాష్ కూడా రాయవచ్చు. అయితే అలా రాసిన ఫైలు 3.11లో సింటాక్స్ ఎర్రర్‌తో ఆగిపోతుంది కనుక, పాత వెర్షన్లలోనూ నడవవలసిన లైబ్రరీలో దీని జోలికి వెళ్లవద్దు. ఇటర్‌టూల్స్‌లో చేరిన బ్యాచ్డ్ ఫంక్షన్, పెద్ద లిస్టును కోరిన సంఖ్య చొప్పున ట్యూపుల్స్‌గా విడగొడుతుంది; చివరి ముక్క చిన్నది కావచ్చు. టైప్ పారామీటర్లను (డేటా రకానికి బదులుగా పెట్టే పేర్లను) ఫంక్షన్ పేరు పక్కనే స్క్వేర్ బ్రాకెట్లలో రాసే వీలూ వచ్చింది గానీ, బాగా నడుస్తున్న కోడ్‌ను దానికోసమే తిరగరాయవలసిన పనిలేదని నా అభిప్రాయం.

2024 అక్టోబరు 7న వచ్చిన 3.13లో సీజీఐ, టెల్‌నెట్‌లిబ్, క్రిప్ట్ సహా 19 పాత మాడ్యూళ్లను తొలగించారు. 3.12లో అవి ఇంకా పనిచేస్తూనే డెప్రికేషన్ వార్నింగ్ ఇస్తాయి. అందుచేత 3.12 పని పూర్తయ్యాక, పెద్ద ‘డబ్ల్యూ’ ఆప్షన్‌కు డిఫాల్ట్ అనే విలువ ఇచ్చి టెస్టులన్నీ ఇంకొక్కసారి నడిపి, ఆ మాడ్యూళ్లలో వేటిని మీ కోడ్ వాడుతోందో అప్పుడే రాసిపెట్టుకోండి.