మిరాబో వంతెన మీద తప్పే లెక్కలు

మనసు మారడం గురించి ఫ్రెంచిలో కవితలకు కొదవ లేదు, నింద మాత్రం తరచుగా ఆడవాళ్ళ మీదే. ఫ్రెంచి కవి అపొలినేర్ మాత్రం పారిస్‌లో సెన్ నది మీది వంతెన గురించి రాసిన ‘మిరాబో వంతెన’ కవితలో ఎవరు ఎవరిని విడిచారో కూడా చెప్పడు. దాని ఫ్రెంచి మూలాన్ని పైకి చదవబోతే ఎదురయ్యే చిక్కులు ఇవి.

సమస్య: మొదటి పాదంలో పది అక్షరాలు ఉండాలి, తొమ్మిదే వస్తున్నాయి.
కారణం: మాట చివరి మూగ అచ్చును (రాతలో ఉండి మాటల్లో పలకని ‘e’ని) వాడుకలోలాగా మింగేశారు.
పరిష్కారం: తర్వాత హల్లు ఉంటే పలకండి, అచ్చు ఉంటే వదిలేయండి, పాదాంతంలో లెక్కించకండి. సూ-లు-పోఁ-మి-రా-బో-కూ-లు-లా-సెన్, అంటే మిరాబో వంతెన కింద సెన్ నది పారుతోంది. గురులఘువులు వెతకకండి, ఇక్కడ అక్షరాల లెక్క ఒక్కటే.

సమస్య: మూడో చరణం చివర మళ్ళీ ఒకటి తక్కువ.
కారణం: ‘వ్యోలాఁత్’. వాడుకలో రెండక్షరాలే.
పరిష్కారం: వి-ఒ-లాఁత్ అని విడదీయండి. లెక్క కుదరడమే కాదు, పై పాదం చివర ఉన్న ‘వి ఎ లాఁత్’ దీని పక్కన మోగుతుంది. ‘వి ఎ లాఁత్’ ‘జీవితం ఎంత మందకొడి’ అనే మాటలోది, ‘వి-ఒ-లాఁత్’ ‘ఆశ ఎంత భీకరం’ అనే మాటలోది. ఒక్క అచ్చు మారితే అంత తేడా! కవిత మొత్తంలో నాకు ఇంతకన్నా నచ్చిన చోటు లేదు.

సమస్య: ప్రతి చరణంలో రెండో పాదానికి అంత్యప్రాస లేదు. అచ్చుతప్పా?
కారణం: కాదు. 1912లో పత్రికలో వచ్చినప్పుడు చరణానికి మూడు పదక్షరాల పాదాలే. 1913లో ‘ఆల్కోల్’ సంపుటికి వచ్చేసరికి నడిమి పాదం 4, 6గా విరిగింది, విరామ చిహ్నాలు పోయాయి.
పరిష్కారం: ఒకసారి కలిపి చదివి పది సరిచూసుకోండి. ఆ తర్వాత విరిచే చదవండి. ‘లా-మూర్-సాఁ-వా’, అంటే ప్రేమ వెళ్ళిపోతోంది అన్న నాలుగక్షరాలు జత లేకుండా మిగలాలి. అనువాదంలో అక్కడ ప్రాస అతికించేవారిని చూస్తే ఒళ్ళు మండుతుంది.

సమస్య: పల్లవి నాలుగుసార్లూ ఒకేలా ఉంది, విసుగు.
కారణం: చరణాల్లో నీరు, వారాలు, ప్రేమ అన్నీ సాగిపోతాయి. పల్లవిలో రోజులు వెళ్ళిపోతాయి, ‘నేను’ ఉన్నచోటే ఉంటాడు. నిలకడలేనితనం తెలియాలంటే కదలనిది ఒకటి కావాలి.
పరిష్కారం: అనువదిస్తే ఒక్క మాట కూడా మార్చకండి. చదివితే ఏడక్షరాలూ పలకండి: వ్యెన్-ను-లా-న్యుయి-సొన్-ను-లోర్, అంటే రాత్రి రానీ, గంట మోగనీ. వాడుకలోలాగా చదివితే ఐదుకు కుంగిపోతుంది.