కర్నూలులో స్కౌట్ మాస్టర్ కావడం ఎలా?

స్కౌట్ మాస్టర్ అంటే స్కౌట్ పిల్లల దళాన్ని నడిపే పెద్ద. అందుకు ఉపాధ్యాయులే అయి ఉండనక్కరలేదు. చిన్నప్పుడు స్కౌట్‌గా మెడలో స్కార్ఫ్ కట్టి ఉండాలనీ లేదు. వారానికి ఒక సాయంత్రం, సెలవుల్లో కొన్ని రోజులు తప్పకుండా ఇవ్వగలరా? జీతం ఉండదు కాబట్టి ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని ఈ సంగతి తేల్చుకోండి. నాలుగు వారాలు వచ్చి మానేసిన పెద్దల కోసం మైదానంలో ఎదురుచూసిన పిల్లలను నేను చూశాను. అంతకన్నా మొదలుపెట్టకపోవడమే నయం.

తర్వాత భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జిల్లా సంఘాన్ని కలవండి. ఏ బడిలో పిల్లలుండీ నడిపేవారు లేరో అడగండి. పదేళ్ల లోపు అబ్బాయిలు కబ్‌లు, అమ్మాయిలు బుల్‌బుల్‌లు. ఆ పైన అబ్బాయిలు స్కౌట్లు, అమ్మాయిలు గైడ్లు. గైడ్లకు మహిళే కెప్టెన్‌గా ఉంటారు.

ఆపైన దళం నడిపేవారికిచ్చే మొదటి శిక్షణ, బేసిక్ కోర్సు. అక్కడ మీరే పిల్లల్లా చిన్న జట్టులో ఉండి వండుతారు, గుడారం వేస్తారు, ముడులు నేర్చుకుంటారు. ప్రథమ చికిత్సను మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి. 2009 అక్టోబరులో తుంగభద్ర వీధుల్లోకి వచ్చిన ఊరు మనది. రెండు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచర్ కట్టడం ఎందుకో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. పై మెట్టు శిక్షణలైన అడ్వాన్స్‌డ్ కోర్సు, హిమాలయ వుడ్ బ్యాడ్జ్ తర్వాత వస్తాయి.

పిల్లల భద్రతలో మినహాయింపులు వద్దు. ఏ బిడ్డతోనూ ఇతరుల కంటికి కనబడని చోట ఒంటరిగా ఉండకండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. లైంగిక వేధింపు జరిగిందని అనుమానం వచ్చినా పోలీసులకు తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. పిల్లల సహాయవాణి 1098 నంబరు పిల్లలందరికీ నోటికి రావాలి.

ఇక అసలు పని: చేతులు కట్టుకుని నిలబడటం నేర్చుకోవాలి. స్కౌట్లలో ఆరు నుంచి ఎనిమిది మంది ఉన్న చిన్న జట్టును పెట్రోల్ అంటారు. ఆ పిల్లల్లోనే ఒకరు దాని నాయకుడు, అంటే పెట్రోల్ లీడర్. మొదటిసారి ఓర్వకల్లు రాళ్ల దగ్గరికి నడకకు వెళ్లినప్పుడు దారి, నీళ్లు, తిండి అన్నీ నేనే చూసుకున్నాను. పిల్లలు గొర్రెల్లా నా వెనక వచ్చారు. మరుసటిసారి నీళ్ల లెక్కను పన్నెండేళ్ల పెట్రోల్ లీడర్‌కు అప్పగించాను. తలా ఎన్ని సీసాలో రాసుకున్నాడు, ఎండ ముదరకముందే బయలుదేరాలన్నాడు, దారిలో మళ్లీ ఎక్కడ నింపుకోవాలో ముందే కనుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి వాడి సంచిలో ఇంకా రెండు నిండు సీసాలున్నాయి.