పాత ఫ్రెంచ్ స్కెలిటన్ గడియారం అమ్మకానికి వస్తే ఏమేం చూడాలి

మొన్న నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక పాత మిద్దె ఇంటి సామాను అమ్ముతున్నారంటే వెళ్ళాను. బీరువాలు, ఇత్తడి గంగాళాలు, వాటి మధ్యలో గాజు డోమ్ కింద ఒక గడియారం, చక్రాలన్నీ బయటికే కనబడుతూ. "ఫ్రాన్సుదన్నా, రెండొందల ఏళ్ళది, ఈ రోజే తేల్చెయ్యండి, మద్రాసు పార్టీ వస్తున్నాడు" అన్నాడు అమ్మే అబ్బాయి. నేను తొందరపడకుండా రెండు గంటలు దాని ముందే కూర్చున్నాను. మీకు ఇలాంటిది ఎదురైతే మీరూ కూర్చోండి, ఎందుకంటే స్కెలిటన్ అంటే ఇదే, చక్రాలు కనబడాలనే వాటిని పట్టుకునే ఇత్తడి ప్లేట్లను కోసి సన్నగా చేశారు, కాబట్టి లోపాలు కూడా అక్కడే కళ్ళముందే ఉంటాయి.

ముందు ఫ్రెంచిదా ఇంగ్లీషుదా తేల్చుకోండి. శంఖం ఆకారంలో గాడులున్న ఒక కోను, దాని మీద చుట్టుకున్న సన్నటి గొలుసు కనబడితే అది చాలావరకు ఇంగ్లీషుది. ఫ్రెంచివాళ్ళు ఎక్కువగా గొలుసు లేకుండా స్ప్రింగ్ డబ్బా నుంచే చక్రాన్ని తిప్పేవాళ్ళు. డయల్ కూడా చూడండి, తెల్ల ఎనామిల్ రింగు మీద సన్నటి అంకెలుంటే ఫ్రెంచి వైపు మొగ్గు, వెండి పూత వేసిన ఇత్తడి రింగు ఇంగ్లీషు వాటిలో ఎక్కువ. 1851 లండన్ ప్రదర్శన టైములో పియరే అనే పారిస్ గడియారాల ఆయన చేసిన చిన్న అలారం స్కెలిటన్లు బాగా అమ్ముడుపోయాయి, మన వైపు అరుదుగా కనబడేవి కూడా అలాంటి చిన్నవే.

వయసు విషయంలో మాటలు నమ్మకండి, టార్చి పట్టుకుని వెనక ప్లేటు చదవండి. కొన్నిటి మీద గుండ్రటి పతకం ముద్ర ఉంటుంది, అందులో 1855 అని ఉంటే అది చేసినవాళ్ళకి పతకం వచ్చిన ఏడాది, గడియారం దానికి ముందుది అయ్యే వీల్లేదు. "మేడ్ ఇన్ ఫ్రాన్స్" అని ఇంగ్లీషులో ఉంటే 1890 తర్వాతది అనుకోవచ్చు, 1891 నుంచి అమెరికాకు వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలని వాళ్ళు చట్టం చేశారు. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు 1930ల నుంచే వాడుకలోకి వచ్చాయి. స్టోన్‌హౌస్‌పేట గడియారానికి అడుగు పీటలో అవే ఉన్నాయి, పీట ఎవరో మార్చారన్నమాట. మెషిన్ మాత్రం అసలుదే. ఆ సంగతి చూపించాకే బేరం మొదలైంది.

అన్నిటికన్నా ఎక్కువసేపు చూడాల్సింది ఇరుసులు దూరే రంధ్రాలు. గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయాయా, చుట్టూ కొత్త ఇత్తడి రంగులో బుష్ (అరిగిన రంధ్రంలో బిగించే చిన్న ఇత్తడి గొట్టం) వేశారా, సుత్తితో గుంటలు కొట్టి రంధ్రం బిగించారా? బుష్ వేయడం తప్పు కాదు, నీటుగా వేస్తే అది మంచి రిపేరే. గుంటలు కొట్టడం మాత్రం పాడుచేయడమే. చక్రాల పళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చూడండి, వంగినవి, అతికినవి దొరుకుతాయి. దేనికీ సంబంధం లేని ఖాళీ రంధ్రాలుంటే ఏదో భాగం పోయింది, లేదా వేరే గడియారం భాగాలు కలిపారు, అమ్మేవాళ్ళని ఆ మాట అడగండి.

తర్వాత లోలకం దేనికి వేలాడుతుందో చూడండి. పాతవాటిలో పట్టుదారం, 1840ల తర్వాతి చాలావాటిలో సన్నటి స్టీలు రేకు. పట్టుదారం అయితే మన ఊళ్ళో ఒక ఇబ్బంది ఉంది. తేమకి దాని నిడివి మారిపోతుంది. 10 సెంటీమీటర్ల లోలకం 0.1 మిల్లీమీటరు పొడవైతే రోజుకు దాదాపు 43 సెకన్లు వెనకబడుతుంది, మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురే. అందుకని దారం చుట్టే చిన్న ఇరుసు సజావుగా తిరుగుతోందో లేదో చూసుకోండి, ఆ నెలల్లో దానితోనే సరిచేసుకోవాలి. దారం తెగితే నైలాన్ కట్టేస్తారు కొందరు, అలా వద్దు, మెత్తటి పట్టుదారమే కట్టించండి.

డయల్‌ని పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే వెంట్రుకవాసి చీలికలు, రంగు పూసి కప్పిన ముక్కలు బయటపడతాయి. చిన్న చీలిక పర్వాలేదు. పూసి కప్పినదానికి ధర తగ్గాలి.

ఇక దయచేసి ఒక్క మాట వినండి. కొన్నాక ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతో తోమకండి. ఫ్రెంచి వాటి మీద చాలాసార్లు బంగారు పూత ఉంటుంది, ఒకసారి పోతే మళ్ళీ రాదు, పులుపు రంధ్రాల్లో మిగిలిపోయి ఇరుసుల్ని తినేస్తుంది. ఇలా నాశనమైన ఒక మంచి గడియారాన్ని ఒంగోల్లో చూశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కొబ్బరినూనె కూడా వద్దు, జిగురుకట్టి దుమ్ముని పట్టుకుంటుంది.

ఐదు నిమిషాలు నడిచిందని డబ్బులివ్వకండి. కీ ఇచ్చి కనీసం ఒక రోజంతా నడవనివ్వమనండి. టిక్, టక్ మధ్య వ్యవధి సమానంగా ఉందా వినండి, కుంటుతుంటే పీట వాలు సరిచేసి మళ్ళీ వినండి. గంటలు కొట్టేదైతే పన్నెండు దాకా లెక్కపెట్టండి, ముల్లు వెనక్కి తిప్పకండి.

గాజు డోమ్ పగిలి ఉంటే కొలతలు తీసుకున్నాకే బేరమాడండి, సరిపోయేది దొరకడం కష్టం. డోమ్ లేకపోతే మన సీలింగ్ ఫ్యాను గాలికే లోలకం చెదిరిపోతుంది, మైపాడు వైపు ఇళ్ళయితే ఉప్పుగాలికి స్టీలు ముళ్ళు తుప్పుపడతాయి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి పంపుదామనుకుంటే ఆగండి, మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పంపే ముందు అడిగి తెలుసుకోండి.

ఇంటికి తెచ్చేటప్పుడు లోలకం విడదీసి విడిగా గుడ్డలో చుట్టండి, డోమ్ వేరే అట్టపెట్టెలో పెట్టండి, మెషిన్‌ని నిలువుగా ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. నేను ఆటోలో తెచ్చాను, డ్రైవరుకి స్పీడ్‌బ్రేకర్ దగ్గర నెమ్మది అని ముందే చెప్పి.