చదివిన పుస్తకం నుంచి రోజూ రాసే అలవాటు చేసుకోవడం ఎలా?

వ్యక్తిత్వ వికాస పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ ఊపుగానే ఉంటుంది. వారం తిరిగాక అందులో ఏముందో చెప్పమంటే రెండు ముక్కలు కూడా నోటికి రావు. రోజూ రాద్దామని కొన్న నోట్‌బుక్కుదీ అదే గతి. మొదటి నాలుగు పేజీల్లో ముత్యాల్లాంటి అక్షరాలు, ఆ తర్వాతంతా తెల్లకాగితం. నా దగ్గర అలాంటివి మూడున్నాయి. ఈ రెండు జబ్బులకూ ఒకటే మందు పనిచేస్తుంది: చదివింది రాయడం, అదీ పుస్తకం మూసేసి రాయడం.

ఒక్క పుస్తకం పెట్టుకోండి

అది అయ్యేదాకా రెండోది తెరవొద్దు. మొదటి పేజీ నుంచి వరసగా చదివి తీరాలని కూడా లేదు. ఈ తరహా పుస్తకాల్లో చాలావాటికి అసలు సంగతి ఒకటి రెండు అధ్యాయాల్లోనే అయిపోతుంది, మిగతాదంతా ఉదాహరణలే. విషయసూచిక చూసి, ప్రస్తుతం మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న విషయం ఏ అధ్యాయంలో ఉంటే అక్కడే మొదలుపెట్టండి.

రాతను రోజూ చేసే పనికి తగిలించండి

"రేపటి నుంచి రాయాలి" అనుకుంటే ఆ రేపు రాదు. "రాత్రి పళ్లు తోముకోగానే టేబుల్ దగ్గర కూర్చుని నోట్‌బుక్ తెరుస్తాను" అనుకోండి. ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తానని ముందే నిర్ణయించుకున్నవాళ్లు, ఊరికే చేయాలనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా అనుకున్నది పూర్తిచేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో వివరించాడు. నోట్‌బుక్కూ పెన్నూ ముందే టేబుల్ మీద పెట్టుకోండి. పెన్ను వెతుక్కునే రెండు నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదకు పోతుంది.

మూసి రాయండి, తెరిచి దిద్దుకోండి

అసలు పని ఇది. ఏడెనిమిది పేజీలు చదవండి. పుస్తకం మూసి పక్క గదిలో పెట్టి రండి. గుర్తున్నంతవరకూ మీ మాటల్లో ఐదారు వాక్యాలు రాయండి. మొదట్లో చాలా చిరాగ్గా ఉంటుంది. ఇప్పుడే చదివాం కదా, ఏమీ రావడం లేదేంటని టెన్షన్ పడొద్దు. అలా తడుముకోవడం వల్లే విషయం మనసులో నిలుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత అడిగితే, గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది.

రాశాక పుస్తకం తెరిచి, వదిలేసినవాటిని వేరే రంగు ఇంకుతో పక్కన చేర్చండి. అమెరికా నాయకుడు, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో రాత నేర్చుకున్నదీ దాదాపు ఇలాగే. నచ్చిన వ్యాసంలోని ప్రతి వాక్యానికీ దాని భావం గుర్తొచ్చేలా ఒకటి రెండు మాటలు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టి, తర్వాత ఆ మాటల సాయంతో వ్యాసాన్ని సొంతంగా రాసి, అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవాడు.

చివర్లో ఒక్క వాక్యం: ఇందులో నేను రేపు చేసేదేమిటి? ఇక్కడే చాలామంది జారిపోతారు. "ఏకాగ్రత పెంచుకోవాలి" అని రాస్తే రేపు చేయడానికి ఏమీ దొరకదు. "ఉదయం మొదటి అరగంట ఫోన్ బీరువాలో ఉంటుంది" అని రాయండి. రేపు రాత్రి దాని పక్కన చేశానా లేదా అని ఒక టిక్కో, ఇంటూ గుర్తో పెట్టవచ్చు. వారమంతా ఇంటూలే వస్తే ఆ సలహా మీకు సరిపడలేదని లెక్క. కొట్టేసి ఇంకోటి చూడండి. పుస్తకంలో అచ్చయినంత మాత్రాన అందరికీ పనిచేయాలని రూలేం లేదు.

ఎంత రాయాలి?

ఆంథొనీ ట్రోలప్ అనే ఇంగ్లిష్ నవలాకారుడు వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవాడు. పోస్టాఫీసు ఉద్యోగం చేసుకుంటూనే ఎన్నో నవలలు పూర్తిచేశాడు. ఇది చదివి భయపడకండి. ఆయన దగ్గర మనం తీసుకోవలసింది వాచీ ఒక్కటే. పది నిమిషాలకు అలారం పెట్టి, అది మోగేదాకా లేవకండి. రాసింది బాగుందా లేదా అనేది ఆ పది నిమిషాల్లో ఆలోచించొద్దు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట నమ్మి, 22వ రోజు కూడా బద్ధకమేస్తే కంగారుపడకండి. లండన్‌లో 96 మంది మీద ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి నిన్నటి బాకీ కలిపి ఇరవై నిమిషాలు కూర్చోవద్దు, ఈరోజు పది నిమిషాలు చాలు.

మర్నాడు మొదలుపెట్టడం కష్టంగా ఉంటే ఒక చిట్కా ఉంది. అలారం మోగాక పేజీ చివర "ఈ సలహా నాకెందుకు నచ్చలేదంటే" అని సగం వాక్యం రాసి, పెన్ను మూసి లేచిపొండి.