తుపాను నెలకి ముందు: వీఎం నడుస్తుండగా ల్యాప్‌టాప్ మూత వెయ్యకండి

తుపానుకి ఫోన్ టవర్లు పోతే రేడియోతో కబురు అందించే మన హామ్‌ల (లైసెన్సు ఉన్న అభిరుచి రేడియోవాళ్ళ) కోసం ఇది. మొన్న గుణుపురంలో తుపాను డ్రిల్ చేస్తుంటే ఒక కుర్రాడికి ఐఎస్‌ఎస్ పాస్, అంటే మన మాటని దూరానికి అందించే రిపీటర్ ఉన్న అంతరిక్ష కేంద్రం మన ఆకాశంలో దాటే సమయం, మొత్తం పోయింది. యాగీ యాంటెన్నా బాగానే ఉంది, రేడియో బాగానే ఉంది, ఉపగ్రహాల దారి లెక్కగట్టే జీప్రెడిక్ట్ మాత్రం ఐఎస్‌ఎస్ ఇంకా లేవలేదని చూపిస్తూ కూర్చుంది. అప్పటికే అది మన నెత్తి మీద నుంచి దాటిపోయింది. చూస్తే అది నడుస్తున్న వీఎంలో (ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) గడియారం పదకొండు నిమిషాలు వెనక ఉంది. డ్రిల్ కాబట్టి సరిపోయింది.

ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖలో, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉన్న మన హామ్‌లు సెప్టెంబర్‌లోనే తమ రేడియో స్టేషన్ చూసుకోవాలి. లైసెన్సు, బ్యాటరీ ఛార్జింగ్, గాలి లేచేలోపు యాంటెన్నా దించడం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

ముందు గడియారం సంగతి. కరెంటు లేనప్పుడు అందరూ చేసే పని ఒకటే: పాస్ అయిపోగానే బ్యాటరీ మిగుల్చుకుందామని వీఎం అలాగే వదిలేసి ల్యాప్‌టాప్ మూత వేసేస్తారు. హోస్ట్, అంటే అసలు ల్యాప్‌టాప్, నిద్రపోతుంది, గెస్ట్, అంటే వీఎం, ఆగిపోతుంది, లోపలి గడియారం కూడా అక్కడే ఆగుతుంది. మూత తీశాక దానంతట అదే సర్దుకుంటుందిలే అనుకుంటారు. సర్దుకోదు. వీఎంలని నడిపే వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ మామూలు సెట్టింగ్‌లో తేడా 20 నిమిషాలు దాటితేనే టైమును ఒక్కసారిగా మారుస్తుంది, అంతకన్నా తక్కువైతే మెల్లమెల్లగా లాగుతుంది. లోపల టైము సరిచేసే క్రోనీ ప్రోగ్రాం ఉన్నా అంతే, మొదలైన కొత్తలో మూడు సార్లు తప్ప ఆ తర్వాత టైమును గెంతించదు. అంటే రెండు గంటలు మూత వేసినవాడు బతికిపోతాడు, పావుగంట వేసినవాడే మునుగుతాడు!

ఐఎస్‌ఎస్ సెకనుకి 7.6 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తుంది. ఒక్క నిమిషం తేడా అంటే దాదాపు 460 కిలోమీటర్లు, మొత్తం పాస్ చూస్తే పది నిమిషాలు. రిపీటర్ కిందికి పంపే డౌన్‌లింక్ 437.800 మెగాహెర్ట్జ్ మీద డాప్లర్ (వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం) అటూ ఇటూ పది కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది, నెత్తి మీదకి వచ్చినప్పుడే అది అన్నిటికన్నా వేగంగా మారుతుంది. గడియారం తప్పితే సాఫ్ట్‌వేర్ రేడియోని వ్యతిరేక దిక్కుకి కూడా తిప్పొచ్చు, ఆటో ట్యూన్ లేనివాడే మీకన్నా బాగా వింటాడు. ఆర్‌ఎస్-44 ఉపగ్రహం లాంటి లీనియర్ ట్రాన్స్‌పాండర్ (ఒకేసారి చాలామంది మాటల్ని మోసేది) మీదైతే మీ గొంతు పక్కవాళ్ళ మాటల మీదకి పాకుతుంది.

కాబట్టి మూత వెయ్యకండి, వీఎంని షట్‌డౌన్ చెయ్యండి, తర్వాతి పాస్‌కి పది నిమిషాల ముందు మళ్ళీ బూట్ చెయ్యండి. బూట్ అయ్యాక ఫోన్‌తో సెకన్లు కూడా సరిచూడండి. నెట్, టవర్ రెండూ పోతే యూఎస్‌బీ జీపీఎస్ ఒకటి చాలు.

ఇక రెండోది రేడియోని కంప్యూటర్‌కి కలిపే సీరియల్ కేబుల్. యూఎస్‌బీని హోస్ట్ నుంచి గెస్ట్‌కి మార్చినప్పుడు, ప్రోగ్రాం పోర్ట్ తెరిచినప్పుడు ఆర్‌టీఎస్, డీటీఆర్ అనే సిగ్నల్ తీగలు ఆన్ కావచ్చు. పీటీటీ (ట్రాన్స్‌మిట్ స్విచ్) వాటికే కట్టి ఉంటే రేడియో దానంతట అదే ట్రాన్స్‌మిట్‌లోకి పోతుంది, మీరు టీ తాగుతూ ఉంటారు, ఫైనల్స్ (రేడియోలోని చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) కాలిపోవచ్చు. రేడియోలో టైమ్‌అవుట్ టైమర్ పెట్టుకోండి. వీఎం పూర్తిగా లేచాకే రేడియో ఆన్ చెయ్యండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. బాగా పనిచేసిన రోజు తీసి దాచిన వీఎం స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్ళారంటే ఆ రోజు టీఎల్‌ఈలు (ఉపగ్రహాల కక్ష్య లెక్కలు) కూడా వెనక్కి వస్తాయి, ఐఎస్‌ఎస్‌ని మధ్యమధ్యలో పైకి నెడుతుంటారు కాబట్టి దాని లెక్కలు కొద్ది రోజులకే పాతబడతాయి, తుపాను హెచ్చరిక రాగానే తాజావి దించి పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. ఊరికే గంటగంటకీ దించకండి, అవి ఇచ్చే సెలెస్‌ట్రాక్ సైటు బ్లాక్ చేస్తుంది. గెస్ట్ యూటీసీ (ప్రపంచ టైము), హోస్ట్ ఐఎస్‌టీ (మన టైము) అని కలగాపులగం చేస్తే ఐదున్నర గంటల తేడా వస్తుంది, సెట్టింగ్ ఒకసారి చూడండి. హామ్‌లిబ్‌లో రేడియోని నడిపే రిగ్‌సీటీఎల్‌డీ 4532 పోర్ట్ మీద, యాంటెన్నాని తిప్పే రోట్‌సీటీఎల్‌డీ 4533 మీద ఉంటాయి, ఇవి హోస్ట్‌లో, జీప్రెడిక్ట్ గెస్ట్‌లో ఉంటే ఫైర్‌వాల్ ఇప్పుడే తెరిచి పరీక్షించండి, ఆ రోజు కాదు. ఆర్‌టీఎల్ డాంగుల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్) వీఎంలో శాంపిల్స్ పారేస్తుంటే దాన్ని హోస్ట్‌లోనే నడపండి. తుపాను వారంలో అప్‌డేట్‌లు వద్దు. కొత్త వీఎం వద్దు. పాస్ మధ్యలో సెట్టింగులు ముట్టుకోవద్దు. పిడుగులు మొదలయ్యేలోపే యాంటెన్నా కోయాక్స్‌ తీగతో పాటు యూఎస్‌బీ కూడా పీకండి. మూత మూస్తే నిద్రపోయే ఆప్షన్ హోస్ట్‌లోనే తీసెయ్యండి, అలవాటుగా చెయ్యి వెళ్ళి వేసేస్తుంది.

వచ్చే మూడు రోజుల పాస్ టైములు, ఎటు లేచి ఎటు దిగుతుందో, ఐఎస్‌టీలో కాగితం మీద రాసి గోడకి అంటించండి. వీఎం అసలు లేవకపోయినా చేతి యాగీతో, 67 హెర్ట్జ్ టోన్‌తో, 145.990 మెగాహెర్ట్జ్ మీద పంపి ఐఎస్‌ఎస్ రిపీటర్‌ని పట్టుకోవచ్చు.