చర్చలతో యుద్ధం ముగుస్తుందా? శాంతి వార్తలను అంచనా వేసే పద్ధతి

పొరుగు దేశాల మధ్య ఏళ్ల తరబడి సాగే యుద్ధంలో చర్చలు మొదలయ్యాయన్న వార్త ఒకసారి కాదు, పదిసార్లు వస్తుంది. వాటిలో యుద్ధాన్ని నిజంగా ఆపగల ప్రయత్నం ఏదో, బలగాలను సర్దుకోవడానికి వ్యవధి సంపాదించుకునే ఎత్తుగడ ఏదో నాయకుల ప్రకటనలను బట్టి గానీ, చేతులు కలిపిన ఫొటోలను బట్టి గానీ తెలియదు. చూడవలసిన చోట్లు వేరే ఉన్నాయి. వాటిని 1980 నుంచి 1988 దాకా సాగిన ఇరాన్–ఇరాక్ యుద్ధం ఆధారంగా వివరిస్తాను. ఆ ఎనిమిదేళ్లలో విఫలమైన మధ్యవర్తిత్వాలూ ఉన్నాయి, ఫలించినదీ ఉంది. పైగా చివరికి ఏ ఐక్యరాజ్య సమితి తీర్మానంతో యుద్ధం ఆగిందో, అదే తీర్మానం అంతకుముందు దాదాపు ఏడాది పాటు ఎటూ తేలకుండా పడి ఉంది.

మొదట ఒక కాగితం తీసుకుని, యుద్ధం మొదలైన రోజున ఎవరు ఏమి కోరారో, ఇప్పుడు ఏమి కోరుతున్నారో పక్కపక్కన రాసుకోండి. 1975 మార్చిలో అల్జీర్స్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం షత్ అల్ అరబ్ నదిలో రెండు దేశాల సరిహద్దు నావలు నడిచే లోతైన పాయ మధ్యగా పోతుంది. అంతకుముందు ఆ నదిలో అధిక భాగం మీద తమకున్న హక్కును బలహీనంగా ఉన్న రోజుల్లో వదులుకోవలసి వచ్చిందన్న కసి ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్‌లో ఉండేది. ఇరాన్‌లో విప్లవం వచ్చి సైన్యం చిందరవందరగా ఉన్న సమయం చూసి, 1980 సెప్టెంబర్ 17న ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించాడు. సెప్టెంబర్ 22న దాడికి దిగాడు. రెండేళ్లు తిరగకుండానే పరిస్థితి తలకిందులైంది. 1982 మే 24న ఇరాన్ ఖొర్రంషహర్ నగరాన్ని తిరిగి పట్టుకుంది. జూన్‌లో సద్దాం తన సేనలను సరిహద్దుకు వెనక్కి తీసుకుంటానని, కాల్పులు ఆపుదామని ముందుకు వచ్చాడు. అప్పటికి ఇరాన్ కోరికలు పెరిగాయి: ఇరాక్‌ను దురాక్రమణదారుగా ప్రకటించాలి, నష్టపరిహారం ఇవ్వాలి, సద్దాం గద్దె దిగాలి. జూలైలో ఇరాన్ సేనలు సరిహద్దు దాటి ఇరాక్ నగరమైన బస్రా వైపు కదిలాయి. ఆ తరువాత యుద్ధం మరో ఆరేళ్లు సాగింది.

కాబట్టి ఓడిపోతున్న పక్షం శాంతి మాట ఎత్తిందంటే దానికి పెద్ద విలువ ఇవ్వకండి. గెలుస్తున్న పక్షం తన కోరికల జాబితాను పెంచుతున్నదా, తగ్గిస్తున్నదా అన్నదే చూడండి. 1982 వేసవిలో ఆ జాబితా చూసిన వారెవరూ యుద్ధం ఆ ఏడే ముగుస్తుందని పందెం కట్టేవారు కారు.

వచ్చే ఏడాది యుద్ధం ఎలా ఉంటుందన్న లెక్క

రెండో పని మరికొంత కష్టం. ఈ రోజు సంతకం చేయకపోతే మరో ఏడాదికి తమ పరిస్థితి మెరుగవుతుందని ప్రతి పక్షమూ నమ్ముతున్నదా, దిగజారుతుందని భయపడుతున్నదా అన్నది కనుక్కోవాలి. రెండు పక్షాలలో ఏ ఒక్కటి మెరుగవుతుందని నమ్మినా చర్చలు సాగుతాయే తప్ప తెగవు.

ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1987 జూలై 20న 598వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇరాక్ త్వరగానే ఒప్పుకుంది. ఇరాన్ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. తరువాతి పన్నెండు నెలలను తేదీల వారీగా పరిచి చూస్తే విషయం అర్థమవుతుంది. 1988 ఫిబ్రవరి నుంచి ఇరాక్ క్షిపణులు టెహ్రాన్ మీద పడడం మొదలైంది. మార్చి 16న తన దేశంలోనే ఉన్న హలబ్జా పట్టణం మీద ఇరాక్ విషవాయువు ప్రయోగించి వేలాది మంది కుర్దు జాతివారిని చంపింది. అదే రేపు టెహ్రాన్‌కు వస్తే అన్న భయం అక్కడి జనంలో పాకింది. ఏప్రిల్ 17, 18 తేదీలలో ఫావ్ ద్వీపకల్పాన్ని ఇరాక్ తిరిగి పట్టుకుంది. ఆ 18వ తేదీనే అమెరికా నౌకాదళం గల్ఫ్‌లో ఇరాన్ యుద్ధనౌకలను ముంచింది. జూలై 3న విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని కూల్చివేయగా అందులో ఉన్న 290 మందీ చనిపోయారు. జూలై 17 నాటి లేఖతో ఇరాన్ తీర్మానాన్ని అంగీకరించింది.

తీర్మానంలో ఈలోగా ఒక్క అక్షరం మారలేదు. దాన్ని కాదంటే ఎదురయ్యే రోజుల మీద టెహ్రాన్ అంచనా మారింది. మధ్యవర్తులు కొత్త ప్రతిపాదన తెచ్చారన్న వార్త కన్నా ఆయుధాల సరఫరా, చమురు రాబడి, సైన్యంలో కొత్తగా చేరే వారి సంఖ్య గురించిన వార్తలను శ్రద్ధగా చదవమని నేను చెప్పేది ఇందుకే. అవి పత్రికలలో లోపలి పేజీలలో ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇరాన్ ఒప్పుకున్న మరుక్షణం ఇరాక్ వెనకాడింది. గాలి తమ వైపు తిరిగింది కనుక ముందు ముఖాముఖి చర్చలు జరగాలని పట్టుబట్టింది, దాడులూ కొనసాగించింది. కాల్పులు ఆగడానికి ఆగస్టు 20 దాకా పట్టింది. అంగీకారానికీ అమలుకూ మధ్య ఉన్న ఆ నెల రోజుల్లోనూ మనుషులు చనిపోతూనే ఉన్నారు.

సంతకం చేసేవారు, సంతకం ఎగ్గొట్టేవారు

ఎన్నో ఏళ్లు విజయం తప్ప మరో మాట వినని ప్రజలకు రాజీ మాట చెప్పగల వ్యక్తి ఎవరో గుర్తించండి. ఇరాన్‌లో ఆ పని అత్యున్నత నేత అయతొల్లా ఖొమేనీ ఒక్కరే చేయగలిగేవారు. ఆ అంగీకారం తనకు విషపాత్ర తాగడం లాంటిదని ఆయన దేశ ప్రజలకు చెప్పారు. ఆ మాట మరొకరు అని ఉంటే ద్రోహి అనిపించుకునేవారు. చర్చల గదిలో కూర్చున్న అధికారి ఎంత సమర్థుడైనా, ఆ స్థాయి వ్యక్తి వెనుక నిలబడకపోతే ఆ చర్చలకు బలం లేదు.

అలాగే ఒప్పందం వల్ల నష్టపోతాననుకునే మిత్రపక్షం ఎవరో కూడా చూడాలి. కొరియా యుద్ధంలో దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ దేశం చీలిపోయి ఉండడానికి ఒప్పుకోలేదు. అంతా కుదిరిందనుకున్న సమయంలో 1953 జూన్ 18న తన కాపలాలో ఉన్న దాదాపు 27,000 మంది ఉత్తర కొరియా ఖైదీలను రాత్రికి రాత్రి వదిలేసి చర్చలను కుదిపేశాడు. చివరికి ఆయన సంతకం లేకుండానే జూలై 27న పాన్‌ముంజొంలో ఒప్పందం జరిగింది. ఆయనను ఊరుకోబెట్టినది అమెరికా ఇచ్చిన రక్షణ హామీ. అదే అక్టోబర్‌లో ఒడంబడికగా మారింది.

ఒప్పందంలో షరతుల వరుస

ఒప్పందం పాఠం బయటికి వస్తే దాన్ని పూర్తిగా చదవండి. అందులో ఏమున్నదన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు ఏది వెనుక అన్నది అంతకన్నా ముఖ్యం. పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు రాయించిన కాగితంలో డబ్బు ముందా, రాళ్లు పాతడం ముందా అన్నది తేలకపోతే ఇద్దరూ సంతకం చేసి కూడా మళ్లీ కర్రలు పట్టుకుంటారు.

598వ తీర్మానం తొలి అంశంలోనే కాల్పుల విరమణ, సరిహద్దుకు సేనల ఉపసంహరణ ఉన్నాయి. తరువాత పరిశీలకులు, యుద్ధ ఖైదీల విడుదల, మధ్యవర్తిత్వం వస్తాయి. ఆరో అంశంలో యుద్ధానికి బాధ్యులెవరో నిష్పాక్షిక సంఘంతో విచారించే విషయాన్ని పరిశీలించాలని ఉంది. 1980 సెప్టెంబర్ 28 నాటి 479వ తీర్మానం బలప్రయోగం ఆపమన్నదే తప్ప ఇరాన్ గడ్డ మీద ఉన్న ఇరాక్ సేనలను వెనక్కి పొమ్మనలేదు. భద్రతా మండలి మీద ఇరాన్‌కు నమ్మకం అక్కడే పోయింది. ఆ ఆరో అంశం పోయిన నమ్మకాన్ని కొంతైనా పూడ్చడానికి పెట్టినది. 1991 డిసెంబర్‌లో సమితి ప్రధాన కార్యదర్శి పెరెజ్ ద క్వేయార్ తన నివేదికలో 1980 నాటి దాడికి ఇరాక్‌నే బాధ్యురాలిగా చూపారు. గౌరవం నిలుపుకునే ఇలాంటి అంశం కాగితంలో లేకపోతే దెబ్బతిన్న పక్షం ఒప్పుకోవడం కష్టం. దౌత్యవేత్తలు దీన్ని చిన్న విషయంగా తీసేస్తారు గానీ, నా దృష్టిలో తీర్మానానికి ప్రాణం అదే.

అయినా వరుస తగాదా తప్పలేదు. 1988 ఆగస్టు 25న జెనీవాలో చర్చలు మొదలైనప్పుడు ముందు సేనలు వెనక్కి పోవాలని ఇరాన్ అన్నది. ముందు షత్ అల్ అరబ్‌ను శుభ్రం చేసి నౌకల రాకపోకలకు తెరవాలని ఇరాక్ అన్నది. యుద్ధం మొదలైన వారాల్లో చిక్కుకుపోయిన పదుల కొద్దీ వాణిజ్య నౌకలు ఆ నదిలోనే తుప్పు పట్టి ఉన్నాయి, అడుగున ఏళ్ల నాటి ఒండ్రు పేరుకుని ఉంది. ఆ పూడిక తీయడమంటే నది ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే కనుక రెండేళ్లు ఎవరూ కదలలేదు. 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించి ప్రపంచం మొత్తాన్ని శత్రువు చేసుకున్న తరువాత సద్దాం ఆగస్టు నడుమన ఇరాన్ అధ్యక్షుడు రఫ్సంజానీకి లేఖ రాసి 1975 నాటి సరిహద్దుకు తిరిగి ఒప్పుకున్నాడు. ఎనిమిదేళ్ల యుద్ధమూ రెండేళ్ల చర్చలూ సాధించనిదాన్ని మరో పక్కన తెరిచిన యుద్ధం సాధించిపెట్టింది.

ఖైదీలు, కాపలాదారులు

యుద్ధ ఖైదీల మార్పిడి జరిగిందంటే శాంతి దగ్గర పడిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఘోరంగా పోరాడుతున్న దేశాలు కూడా ఖైదీలను మార్చుకుంటాయి. అసలైన సూచన ఏమిటంటే, తిరిగి వెళ్లనన్న ఖైదీ సంగతి ఎలా తేల్చాలన్న ప్రశ్నకు రెండు పక్షాలూ ఒక పద్ధతికి ఒప్పుకోవడం. కొరియాలో విడదీత రేఖ ఎక్కడన్నది 1951 నవంబర్‌కే తేలింది. ఖైదీల ప్రశ్న దగ్గర మాత్రం ఒప్పందం ఏడాదిన్నర ఆగిపోయింది. చివరికి భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన తటస్థ దేశాల కమిషన్ ఏర్పడింది, కాపలాకు భారత బలగం వెళ్లింది. తిరిగి పోనన్న ఖైదీని గుడారంలోకి తీసుకువచ్చి, అతని స్వదేశ ప్రతినిధులు ఎదురుగా కూర్చుని రమ్మని నచ్చజెప్పడం, అతను ఏ గుమ్మంలోంచి బయటికి వెళ్తాడో తటస్థ దేశాల వారు చూడడం — పద్ధతి అది. ఏ పక్షానికీ పోనన్న 80కి పైగా ఖైదీలు భారత బలగంతో పాటు మన దేశానికి ఓడెక్కారు.

ఇక ఒప్పందానికి కాపలా గురించి ఒక్క ఉదాహరణ సరిపోతుంది. ఆఫ్రికాలో సరిహద్దు కోసం యుద్ధం చేసిన ఇథియోపియా, ఎరిత్రియా 2000 డిసెంబర్‌లో అల్జీర్స్‌లో ఒప్పందం చేసుకుని, సరిహద్దు కమిషన్ తీర్పు తుది తీర్పని, ఇద్దరికీ శిరోధార్యమని రాసుకున్నాయి. 2002 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు బద్మే ఊరు ఎరిత్రియాదని తేల్చింది. ఇథియోపియా కదలలేదు. కదిలించే బాధ్యతను ఎవరూ తలకెత్తుకోలేదు. 2018లో ఇథియోపియా కొత్త ప్రధాని అబియ్ అహ్మద్ వచ్చే దాకా దాన్ని పూర్తిగా అంగీకరిస్తామన్న మాట కూడా రాలేదు. తుది తీర్పు అన్న మాట కనిపించినప్పుడల్లా దానికి తల ఒగ్గని వారిని ఎవరు, దేనితో ఒత్తిడి చేస్తారని అడగండి.

ఇదే కొలత ఉక్రెయిన్ మీద

2022లో వైద్య విద్యార్థులు ఇళ్లకు తిరిగి వచ్చిన రోజుల నుంచి, వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ధర మండిన రోజుల నుంచి ఉక్రెయిన్ యుద్ధం తెలుగు పాఠకులకు దగ్గరిదే. పై ప్రశ్నలను దాని మీద పెట్టి చూడండి. తూర్పు ఉక్రెయిన్‌లో పోరు ఆపడానికి 2015 ఫిబ్రవరిలో కుదిరిన మిన్స్క్ ఒప్పందంలో తూర్పు సరిహద్దు మీద అదుపు ఉక్రెయిన్‌కు తిరిగి దక్కడం స్థానిక ఎన్నికల తరువాత మొదలు కావాలని ఉంది. సరిహద్దు చేతికి రాకుండా ఎన్నికలు ఎలా జరపాలన్నది కీవ్ వాదన. కాగితంలో రాసిన వరుసే పాటించాలన్నది మాస్కో వాదన. జెనీవా తగాదా కూడా అచ్చు ఇలాంటిదే. 2022 మార్చిలో ఇస్తాంబుల్ చర్చలు తటస్థతకు బదులుగా ఇచ్చే భద్రతా హామీని ఎవరు, ఎలా నిలబెడతారన్న ప్రశ్న దగ్గర చిక్కుపడ్డాయి. ఉక్రెయిన్ ధాన్యం ఓడలను వెళ్లనివ్వడానికి 2022 జూలైలో కుదిరిన ఒప్పందం ఏడాది నడిచి ఆగిపోయింది. 2025 మేలో ఇస్తాంబుల్‌లోనే కూర్చున్నప్పుడు చెరి వెయ్యి మంది ఖైదీల మార్పిడి కుదిరింది, కాల్పుల విరమణ కుదరలేదు.

భూభాగం సంగతి ఇంకా బిగుసుకుపోయింది. 2022 సెప్టెంబర్‌లో నాలుగు ప్రాంతాలను తనలో కలుపుకున్నట్టు ప్రకటించిన రష్యా, ఆ ప్రాంతాలన్నీ తన చేతిలో లేకపోయినా, రాజ్యాంగం ప్రకారం వాటిని వదులుకోరాదని అంటుంది. ఉక్రెయిన్ రాజ్యాంగం దేశ హద్దులు మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదంటుంది. ఈ స్థితిలో సరిహద్దును అంగీకరించే శాంతి ఒప్పందం కన్నా, సరిహద్దు ప్రశ్నను తేల్చకుండా సేనలు నిలిచిన చోటే కాల్పులు ఆపే కొరియా తరహా ఏర్పాటుకే ఎక్కువ అవకాశం ఉందని నా అంచనా. దానికి కూడా సింగ్మన్ రీకి దొరికిన లాంటి రక్షణ హామీ కీవ్‌కు ఎవరు ఇస్తారో, మాస్కో దాన్ని ఎంతవరకు సహిస్తుందో తేలాలి. ఈసారి చర్చల వార్త వచ్చినప్పుడు ఆ హామీ గురించిన పేరాను ముందుగా వెతకండి. ఆ పేరా లేకపోతే మిగతా వార్తను తరువాత తీరికగా చదువుకోవచ్చు.