క్వాంటం కీ పాఠాలు – 5: ఇద్దరూ కలిస్తేనే తేలే కీ

పోయిన పాఠంలో ఫోటాన్లు పంపి కీ కుదిర్చే బీబీ84 అనే పద్ధతితో ఇద్దరి మధ్య కీ (రహస్య బిట్ల వరుస) కుదిర్చాం. ఈసారి అరుణ కీ భాస్కర్‌కి గానీ చిత్రకి గానీ విడిగా దొరకకూడదు, ఇద్దరూ కలిస్తేనే తేలాలి. 1999లో హిల్లరీ, బుజెక్, బెర్తియోమ్ ప్రతిపాదించిన పద్ధతి ఇది.

అరుణ మూడు ఫోటాన్లను జీహెచ్‌జెడ్ స్థితిలో సిద్ధం చేస్తుంది: మూడూ 0, మూడూ 1 అనే రెండు అవకాశాల సమాన మేళవింపు, వాటి మధ్య ఫేజ్ (తరంగ దశ) తేడా సున్నా. ఒకటి తను ఉంచుకుని మిగతావి చెరొకటి పంపుతుంది. ముగ్గురూ ఎక్స్ లేదా వై బేసిస్‌ను (కొలిచే దిశను) ఎవరికి వారు యాదృచ్ఛికంగా ఎంచుకుని కొలుస్తారు, ఇది ఒక రౌండు. ప్లస్ వస్తే 0, మైనస్ వస్తే 1.

తర్వాత బేసిస్‌లు మాత్రమే చెప్పుకోవాలి. వైలు ఒకటి లేదా మూడు ఉన్న రౌండ్లు పారేయండి, వాటిలో ఫలితాలకు పొంతన ఉండదు. మూడూ ఎక్స్ అయితే మూడు బిట్ల ఎక్సార్ (1లు బేసి సంఖ్యలో ఉంటే 1, లేకుంటే 0) 0, రెండు వైలుంటే 1. ఎక్స్-వై-వై రౌండులో భాస్కర్‌కి 1, చిత్రకి 0 వచ్చాయనుకోండి: ఎక్సార్ 1, దాన్ని తిప్పితే 0. అదే అరుణ బిట్. ఒక్కరి బిట్‌తో ఊహించడం బొమ్మా బొరుసే.

అసలు ప్రమాదం లోపలి మనిషితోనే. చిత్ర ఫోటాన్‌ను దారిలో పట్టుకుని నకిలీది పంపిన భాస్కర్, ఆమె బేసిస్ ముందే తెలిస్తే దొరక్కుండా తప్పించుకోగలడు. అందుకే ఎవరూ బేసిస్ చెప్పకముందే అరుణ 4,000 రౌండ్లలో 800 పరీక్షకు తీయాలి. వాటిలో ఫలితం, బేసిస్ రెండూ ఎవరు ముందు చెప్పాలో రౌండు రౌండుకీ తనే నాణెం వేసి తేల్చాలి. ఆ 800లో సగం, అంటే దాదాపు 400 పనికొస్తాయి. బయటి దొంగ ఒక ఫోటాన్‌ను ప్రతిసారీ ఎక్స్‌లోనో వైలోనో కొలిచి తిరిగి పంపితే వాటిలో సుమారు 100 తప్పులు కనబడతాయి.

తప్పులున్నంత మాత్రాన దొంగ ఉన్నట్టు కాదు. ఫేజ్ 37 డిగ్రీలు జారినా 10 శాతం తప్పులొస్తాయి. కొన్ని రౌండ్లు జడ్ బేసిస్‌లో (0నా 1నా అని నేరుగా చూసే దిశలో) కొలవండి: అక్కడ ముగ్గురి బిట్లూ ఒకటిగానే ఉండి, ఎక్స్, వైలలోనే తేడా వస్తుంటే ముందు ఫేజ్ సరిచేయండి.

ఫైబర్ నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్ అనుకుంటే, 50 కిలోమీటర్లకు పదింట ఒక ఫోటాన్ చేరుతుంది. ఇద్దరికీ చేరాలంటే నూటికి ఒకటే. కాబట్టి 4,000 రౌండ్లకు 4,00,000 సార్లు పంపాలి, డిటెక్టర్ నష్టం అదనం. నిజంగా వాడుకోవాలంటే రెండు బీబీ84 లింకులు పెట్టి, ఆ రెండు కీలను అరుణ ఎక్సార్ చేసుకోవడమే నయం.

అభ్యాసం: నలుగురితో ఇదే స్థితి తీసుకుని, ఎన్ని వైలున్న రౌండ్లు మిగులుతాయో, వాటి ఎక్సార్ ఎంతో పట్టిక వేయండి.